పుదుపేటలో విరిగిన స్టడ్డు తీసే వెల్డింగ్ దుకాణం

ఇంట్లోనే మారుతి ఓమ్ని ఇంజన్ విప్పి బాగుచేసుకునే చెన్నై వాసులకు ఎగ్మోర్ పక్కనున్న పుదుపేట కొత్తేమీ కాదు. అయితే పాత విడిభాగాల కోసం వెళ్లేవారిలో చాలామంది, సిలిండర్ హెడ్‌లో (ఇంజన్ పైభాగంలో) బిగుసుకుపోయిన స్టడ్లను (తల లేని మరల కడ్డీలను) తీసిపెట్టే చిన్న వెల్డింగ్ దుకాణాలను గమనించరు. అటువంటి ఒక దుకాణంలో చేయించిన పని గురించి రాస్తున్నాను.

మా 796 సీసీ ఇంజన్‌లో పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను పట్టి ఉంచే స్టడ్డు ఒకటి హెడ్ అంచుకు సమంగా విరిగి, పానాకు పట్టు చిక్కకుండా పోయింది. ఉక్కు స్టడ్డు, అల్యూమినియం హెడ్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ లోనైతే వాటి మరల (స్క్రూ గాట్ల) మధ్య తుప్పు గడ్డకట్టి, పైనుంచి ఎంత నూనె పోసినా లోపలికి దిగదు.

హెడ్‌ను చూడగానే దుకాణదారు, "ఈజీ అవుట్ పెట్టి తిప్పలేదు కదా సార్?" అని అడిగారు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే. విరిగిన స్టడ్డులో రంధ్రం చేసి, అందులో బిగించి తిప్పే ఆ పనిముట్టు చాలా గట్టి ఉక్కుది కావడంతో, లోపల విరిగిందంటే మామూలు డ్రిల్ బిట్టుకు లొంగదు.

ఆయన స్టడ్డు మొదలు మీద నట్టు ఉంచి, దాని రంధ్రంలోంచే వెల్డింగ్ చేసి రెండింటినీ ఒక్కటి చేశారు. వేడికి ఉబ్బిన స్టడ్డు చల్లారుతూ కుంచించుకుపోయేటప్పుడు తుప్పు పట్టు సడలుతుంది. అల్యూమినియం ఉక్కు కంటే సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది కనుక, చుట్టూ ఉన్న హెడ్ వేడెక్కితే రంధ్రం కూడా కాస్త విచ్చుకుంటుంది. ఎర్రదనం పోయేదాకా ఆగి, నూనె చుక్కలు వేస్తూ, నట్టును కొంచెం బిగించి కొంచెం వదులుతూ అటూ ఇటూ ఆడించారు. తొందరపడి ఒకే వైపు బలం పెట్టి ఉంటే మళ్లీ విరిగేదే. స్టడ్డు కీచుమంటూ మొత్తంగా బయటికి వచ్చింది, మరలు చెడలేదు.

స్టడ్డుకు రూ. 350 తీసుకున్నారు, అది న్యాయమైన ధరే. రసీదు మాత్రం ఇవ్వరు. గ్యాస్కెట్ (లీకు కాకుండా మధ్యలో పెట్టే పలక) కూర్చునే హెడ్ ముఖం మీద నిప్పురవ్వలు పడకుండా ఏమీ కప్పలేదు, ఆ జాగ్రత్త మనమే అడిగి చేయించుకోవాలి. ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టుతో) రంధ్రంలోని మరలు శుభ్రం చేయడమూ అడిగితేనే. ఇంటికి వచ్చి చేయరు కాబట్టి హెడ్‌ను విప్పి, వాల్వులు, సీళ్లు తీసేసి తీసుకెళ్లాలి.