పాత ఎఫెక్ట్స్ యూనిటా, కొత్తదా? రెండూ వాడి చూశాక

ముందే చెప్పేస్తాను. బడ్జెట్ తక్కువగా ఉండి స్టూడియోకి ఒక ఎఫెక్ట్స్ ప్రాసెసర్ (పాటకి ప్రతిధ్వని లాంటివి కలిపే పెట్టె) కొనాలనుకుంటే, కండిషన్ బాగున్న పాత యూనిట్ దొరికినప్పుడు అదే తీసుకోండి, శుభ్రమైన రోజువారీ రివర్బ్‌ల (గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వనుల) పని ప్లగిన్‌లకి, అంటే కంప్యూటర్‌లోని ఎఫెక్ట్ సాఫ్ట్‌వేర్‌కి వదిలేయండి. నేను యమహా ఎస్‌పీఎక్స్90 ఒకటి, ఈమధ్య కాలంలో తయారైన చవక ర్యాక్ యూనిట్ ఒకటి పక్కపక్కన పెట్టుకుని కొన్ని నెలలు పనిచేశాను. చివరికి కొత్తది అమ్మేశాను.

ఎస్‌పీఎక్స్90 1980ల నాటి పెట్టె. 16 బిట్, 31.25 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్, అంటే 12 కిలోహెర్ట్జ్ దాటిన బాగా సన్నటి శబ్దం ఎఫెక్ట్‌లోంచి దాదాపు బయటికే రాదు. కాగితం మీద చూస్తే అది లోపమే, కానీ గొంతు మీద పెట్టి వినండి. పాటలో స, శ, ష వచ్చినప్పుడల్లా కొత్త యూనిట్ రివర్బ్‌లో ఆ సకారం సూదిలా పైకి లేచి, పక్కన హై-హ్యాట్ ఏదో మోగుతోందా అనిపించేంత దూరం సాగుతుంది. పాతదాంట్లో అదే అక్షరం రివర్బ్‌లోకి వెళ్లేసరికి మెత్తబడిపోతుంది. గొంతు ముందు నిలబడుతుంది, రివర్బ్ దానంతట అదే వెనక్కి జరుగుతుంది, ఈక్యూ (టోన్ సరిదిద్దే కంట్రోల్) ముట్టుకునే పనే ఉండదు.

కొత్తదానికి ముందు ఒక లో-పాస్ ఫిల్టర్ (సన్నటి శబ్దాల్ని కోసేసేది) పెడితే ఇదంతా వచ్చేస్తుంది కదా అని చాలామంది అంటారు. పెట్టి చూశాను, సెండ్ (ట్రాక్ నుంచి యూనిట్‌కి పంపే శబ్దం) మీద 9 కిలోహెర్ట్జ్ దగ్గర కోశాను. సగం దూరం వచ్చింది. మిగతా సగం ఎక్కడుందో తెలియాలంటే స్నేర్ ఒక్క దెబ్బ పంపించి, డికే (రివర్బ్ ఆరిపోవడానికి పట్టే సమయం) 2.5 సెకన్లు పెట్టి, హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ పెంచి చివరిదాకా వినాలి. కొత్తదాంట్లో రివర్బ్ తోక నున్నగా, పొగ కరిగినట్టు పోతుంది. పాతదాంట్లో మొదట్లోనే చిన్న చిన్న ప్రతిధ్వనులు విడివిడిగా తెలుస్తాయి, కొంచెం లోహపు ఛాయ ఉంటుంది, ఆఖరి అరసెకనులో ఇసుక రాలినట్టు గరగరమంటుంది. అప్పటి చిప్‌లు ఒకేసారి చేయగలిగిన లెక్కలు తక్కువ, ప్రతిధ్వనులు దట్టంగా అల్లుకోవు, ఆ గరుకుదనం అక్కడినుంచే వస్తుంది. డ్రమ్స్ మీద, గొంతు మీద అది ప్రాణం పోస్తుంది. ఒంటరి పియానో మీద మాత్రం పెట్టకండి, ఆ లోహపు మోత దాక్కోవడానికి చోటుండదు.

ఇక ఎస్‌పీఎక్స్90లో సింఫానిక్ అనే ప్రీసెట్ (ముందే సిద్ధం చేసి ఇచ్చిన ఎఫెక్ట్). నిజానికి ఈ యూనిట్ కొనడానికి ఇదొక్కటి చాలు. క్లీన్ గిటార్ మీద, సింథ్ ప్యాడ్ మీద వేస్తే శబ్దం వెడల్పవుతుంది, నెమ్మదిగా ఊగుతుంది, కానీ శ్రుతి తప్పినట్టు అనిపించదు. కొత్త యూనిట్‌లో ఇలా శబ్దాన్ని వెడల్పు చేసే కోరస్ ఎఫెక్ట్‌లన్నీ తిప్పి చూశాను, ఏదీ ఇంత సహజంగా కూర్చోలేదు.

కష్టాలు కూడా ఉన్నాయి. ఇన్‌పుట్ ఒక్కటే, మోనో. స్టీరియో ప్యాడ్ పంపితే ముందు మోనో చేసి పంపాల్సిందే. ఒకసారి ఒక ప్రోగ్రామ్ మాత్రమే నడుస్తుంది. నాయిస్ ఉంది, కాబట్టి లోపలికి వెళ్లే లెవెల్ మీటర్ చూసుకుంటూ గట్టిగానే పంపాలి, భయపడి తక్కువ పంపితే హిస్ మిక్స్‌లోకి వచ్చేస్తుంది.

అసలు టెన్షన్ అంతా కొనేటప్పుడే. దీనికంటే ముందు వేరే పాత పెట్టె ఒకటి ఫొటోలు చూసి కొన్నాను. డిస్‌ప్లే వెలుగుతోంది కదా, బాగానే ఉంటుందనుకున్నాను. వచ్చాక పది నిమిషాలు బాగానే మోగి, వేడెక్కగానే ఎడమ ఛానెల్ పోయేది. దాంతోపాటు సన్నగా హమ్. పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎండిపోయాయన్నారు, రిపేరుకి కొన్న ధరలో సగం అయింది. అందుకే అమ్మేవాళ్లని కనీసం అరగంట ఆన్ చేసి ఉంచమనండి, రెండు ఛానెళ్లూ విడివిడిగా వినండి, ప్రతి బటనూ నొక్కండి, చాలావాటిలో ముందు పోయేవి అవే. మెమరీ బ్యాటరీ అయిపోయిందంటే కంగారు పడక్కర్లేదు. ఎస్‌పీఎక్స్90లో మొదటి 30 ప్రోగ్రాములు బ్యాటరీ పోతే చెరిగే రామ్‌లో కాదు, చెరిగిపోని రోమ్ మెమరీలో ఉంటాయి, అవి ఎక్కడికీ పోవు. మనం సేవ్ చేసుకున్నవే పోతాయి. వెనక లేబుల్ మీద వోల్టేజ్ కూడా చూడండి, వంద వోల్టుల దేశానికి తయారైన యూనిట్‌ని నేరుగా 230లో పెడితే అంతే సంగతులు. అడాప్టర్‌తో నడిచేవాటిలో ఇంకో తిరకాసు: అలెసిస్ క్వాడ్రావెర్బ్ లాంటివాటికి కావాల్సింది 9 వోల్టుల ఏసీ, మామూలు డీసీ అడాప్టర్ పనికిరాదు. అడాప్టర్ లేకుండా చవగ్గా అమ్ముతుంటే ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

కొత్త యూనిట్‌కి న్యాయంగా చెప్పాలంటే, నాయిస్ లేదు, స్టీరియో ఇన్‌పుట్ ఉంది, రెండు ఎఫెక్ట్‌లు ఒకేసారి ఇస్తుంది, డిజిటల్ అవుట్ ఉంది. స్టేజ్ మీద వాడేవాళ్లు, దగ్గర్లో సోల్డరింగ్ చేసేవాళ్లు లేనివాళ్లు కళ్లు మూసుకుని కొత్తదే కొనండి, వారంటీ విలువ అక్కడ తెలుస్తుంది. కానీ మిక్సింగ్‌కి అది ఇచ్చే శబ్దం ఒక మంచి ప్లగిన్ ఇస్తుంది, పైగా ప్లగిన్‌ని పది ట్రాకుల మీద పదిసార్లు తెరవొచ్చు. ఇంకో బాధ, దాని ఎడిటర్ సాఫ్ట్‌వేర్ నేను కంప్యూటర్ అప్‌డేట్ చేశాక తెరుచుకోలేదు. అందులో కొన్ని సెట్టింగులు ముందు ప్యానెల్ నుంచి మార్చడానికే లేవు. అంతకంటే ఎన్నో ఏళ్లు పెద్దదైన ఎస్‌పీఎక్స్90లో మాత్రం అన్నీ ఇప్పటికీ బటన్లతోనే అయిపోతున్నాయి.

పాతదైనా కొత్తదైనా కొనేముందు మీ ఆడియో ఇంటర్‌ఫేస్ వెనక్కి తిప్పి చూడండి. అవుట్‌పుట్‌లు రెండే ఉంటే అవి స్పీకర్లకే సరిపోతాయి, ఎఫెక్ట్ యూనిట్‌కి సెండ్ పంపడానికి దారి ఉండదు. నాలుగు అవుట్‌లు, ఖాళీగా రెండు లైన్ ఇన్‌లు కావాలి. అవి లేకపోతే ముందు డబ్బు అక్కడ పెట్టండి. కనెక్ట్ చేశాక యూనిట్‌లో మిక్స్ 100 శాతం వెట్ (ఎఫెక్ట్ శబ్దం మాత్రమే) పెట్టండి, లేదంటే డ్రై (ఎఫెక్ట్ లేని) శబ్దం కాస్త ఆలస్యంగా తిరిగొచ్చి అసలు ట్రాక్‌తో కలిసి గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు అవుతుంది. సరిగ్గా కుదిరాక ఆ రివర్బ్‌ని వెంటనే వేరే ట్రాక్‌లోకి రికార్డ్ చేసేయండి. నాలుగు నిమిషాల పాటకి నాలుగు నిమిషాలూ పడుతుంది, కానీ యూనిట్ ఖాళీ అయి తర్వాతి ట్రాక్‌కి సింఫానిక్ వేసుకోవచ్చు.