ఒకే పేజీలో మూడు ఫారాలున్న సైటు కొంటున్నారా? మిగతా డబ్బు ఇచ్చే ముందు చూసుకోండి

ఒంగోలు, నెల్లూరు వైపు వ్యాపారస్తులు గమనించాలి. చీమకుర్తిలో ఒక గ్రానైట్ షాపువాళ్లకు చేసిచ్చిన సైటులో హోం పేజీ మీదే మూడు ఫారాలున్నాయి: రేటు అడగడానికి, తిరిగి ఫోన్ చేయమనడానికి, డిజైన్ ఫైలు పంపడానికి. ఏది నింపినా తెర మీద "ధన్యవాదాలు, అందింది" అని వస్తుంది. నిజానికి అందేది మొదటి ఫారం ఒక్కటే. మిగతా రెండింటిలో వచ్చిన బేరాలన్నీ పోయినట్టే.

మొదటి ఫారాన్నే కాపీ చేసి అతికించారు, గడులను గుర్తించే పేర్లు, అంటే ఐడీలు, మార్చలేదు. స్క్రిప్టు (పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాం) ఐడీతో వెతికితే బ్రౌజర్ మొదటి గడినే ఇస్తుంది. కస్టమర్ రెండో ఫారంలో నంబరు రాస్తే, స్క్రిప్టు చదివేది మొదటి ఫారంలోని ఖాళీ గడి! ఇక మూడో ఫారాన్ని రెండో దాని లోపల పెట్టారు. హెచ్‌టీఎంఎల్‌లో (పేజీ రాసే భాషలో) ఫారంలో ఫారం చెల్లదు. లోపలి ఫారం మొదలయ్యే ట్యాగును (గుర్తును) బ్రౌజర్ వదిలేస్తుంది, దాని ముగింపు ట్యాగుతో బయటి ఫారాన్ని మూసేస్తుంది. ఆ కింద ఉన్న గడులు ఏ ఫారానికీ చెందవు. ఎన్‌క్‌టైప్‌లో (డేటా ఎలా పంపాలో చెప్పే సెట్టింగులో) మల్టీపార్ట్ ఫారం-డేటా అని పెట్టలేదు కాబట్టి డిజైన్ ఫైలు కూడా వెళ్లదు, దాని పేరు మాత్రమే వెళుతుంది.

మూడింటికీ ఒకే పీహెచ్‌పీ ఫైలు (సర్వర్ మీద ఫారాన్ని అందుకునే ప్రోగ్రాం) వాడటం తప్పు కాదు. వచ్చింది ఏ ఫారమో తెలియకపోవడం తప్పు. ప్రతి ఫారంలో వేరే విలువతో ఒక హిడెన్ ఫీల్డు (కనబడని గడి) పెట్టించండి. బటన్ పేరు చాలంటే ఒప్పుకోకండి, స్క్రిప్టు నేరుగా సబ్మిట్ చేస్తే బటన్ పేరు సర్వర్‌కు వెళ్లదు. పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ 'సరే' అన్నా, పంపడానికి తీసుకుందనే అర్థం, మీ ఇన్‌బాక్సుకు చేరిందని కాదు. అందుకే ప్రతి ఎంక్వయిరీ డేటాబేసులో కూడా పడాలి.

మూడు ఫారాల్లో మూడు వేర్వేరు పేర్లు రాసి, ఫోన్ నుంచీ కంప్యూటర్ నుంచీ పంపి చూడండి. కంప్యూటర్లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబులో పేలోడ్ తెరిస్తే ఏ గడులు వెళ్లాయో కనిపిస్తుంది. రెండో ఫారంలో నంబరు ఖాళీగా వదిలేస్తే తప్పు అక్కడే చూపించాలి, మొదటి ఫారంలో కాదు. పంపాక రిఫ్రెష్ కొట్టండి. మళ్లీ పంపాలా అని బ్రౌజర్ అడిగితే 303 రీడైరెక్ట్ (పంపాక వేరే పేజీకి మళ్లించడం) పెట్టలేదన్నమాట, సరే అంటే అదే ఎంక్వయిరీ రెండుసార్లు పడుతుంది.

పంపినవన్నీ మెయిల్లోనూ డేటాబేసులోనూ కనిపించేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి. "ప్రతి ఫారం విడిగా పరీక్షించి అప్పగించాం" అని బిల్లు మీద రాయించుకోండి.