జర్మనీలో పెట్టించుకున్న పన్ను: నాలుగేళ్ళు నమిలాక

ముందు పన్ను ఎలా పోయిందో చెప్తాను, ఎందుకంటే తప్పంతా అక్కడే ఉంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో కింద కుడివైపు దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకున్నాను. పైన క్యాప్ వేయించుకోమని డాక్టర్ రెండుసార్లు చెప్పాడు. నొప్పి పోయింది కదా, ఇంకెందుకులే అని మానేశాను. 2015లో స్టుట్‌గార్ట్ వచ్చేశాను, పన్ను సంగతి మర్చిపోయాను. 2020 డిసెంబర్‌లో, లాక్‌డౌన్, బయట చలి, ఇంట్లో ముద్దపప్పు, 2019లో ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీ అడుగున మిగిలిన నాలుగు ముక్కలు. టెంక ఉన్న ముక్క కొరికాను, టక్‌మంది. విరిగింది టెంక అనుకున్నాను. కాదు, పన్ను. నిలువునా చీలి వేరు దాకా వెళ్ళింది. క్యాప్ లేని రూట్ కెనాల్ పన్ను గతి చివరికి ఇంతేనని తరువాత ఇక్కడి డాక్టర్ కూడా అంది, కాస్త జాలిగానే.

ఇది ఆ పన్ను స్థానంలో పెట్టించుకున్న ఇంప్లాంట్ (ఎముకలో మర బిగించి, దాని మీద క్యాప్ వేసే పెట్టుడు పన్ను) గురించి. 2021 సెప్టెంబర్‌లో క్యాప్ బిగించారు, అంటే నాలుగేళ్ళు దాటింది. కొత్తలో రాసుంటే "అద్భుతం" అని రాసేవాణ్ణి. ఇప్పుడు రాస్తే వేరేగా ఉంటుంది.

మొదటి తలనొప్పి భాష. నా జర్మన్ సూపర్‌మార్కెట్‌కి సరిపోతుంది, పళ్ళ డాక్టర్ దగ్గర చాలదు. నొప్పి ఎలా ఉందని అడిగితే మన దగ్గర ఎన్ని మాటలున్నాయి: సలుపుతోంది, గుంజుతోంది, పోటు పెడుతోంది, జివ్వుమంటోంది. అక్కడ కుర్చీలో పడుకుని "నొప్పి, చాలా నొప్పి" తప్ప ఇంకేం రాలేదు. తరువాత నేర్చుకున్నాను, మీకు పనికొస్తుందని చెప్తున్నా: గుంజితే "త్సీయెన్", సలిపితే "పొఖెన్", పొడిచినట్టుంటే "ష్టెఖెన్", కొరికినప్పుడు మాత్రమే వచ్చే నొప్పికి పొడుగాటి మాట ఒకటుంది, "ఔఫ్‌బైస్‌ష్మెర్ట్స్". ఈ చివరిది చెప్పగానే డాక్టర్ నేరుగా ఆ పన్ను మీద తట్టి చూసి, చీలిందేమోనని ఎక్స్‌రేకి పంపింది. జివ్వుమనడానికి మాత్రం ఇప్పటికీ సరైన జర్మన్ మాట దొరకలేదు నాకు.

పన్ను పీకడానికి పైసా పడలేదు, బీమా కార్డు గీకారు, అంతే. అసలు ఖర్చు ఆ తరువాత మొదలైంది. మొదట వెళ్ళిన క్లినిక్ (పేరు వద్దు) ఇంప్లాంట్, పైన క్యాప్ అన్నీ కలిపి 4,300 యూరోల అంచనా కాగితం చేతిలో పెట్టింది. అది చదవడం రాక వారం రోజులు అలాగే పెట్టుకున్నాను. ఆఫీసులో పక్క సీటు జర్మన్ ఆయన భోజనం టైమ్‌లో చదివి చెప్పాడు. ఇక్కడ ఇంప్లాంట్ సర్జరీ అంతా ప్రైవేట్ లెక్క, దానికి జీఓజెడ్ అని ప్రభుత్వం పెట్టిన రేట్ల పట్టిక ఉంటుంది. ప్రతి పనికీ ఒక మూల రేటు, దాన్ని ఒక సంఖ్యతో గుణిస్తారు. మామూలుగా 2.3. కేసు కష్టమైతే కారణం చూపించి 3.5 దాకా వెళ్ళొచ్చు. నా కాగితంలో దాదాపు అన్ని వరసల్లోనూ 3.5 ఉంది. ఎందుకని అడిగితే "కష్టమైన కేసు" అన్నారు, కష్టమేంటో చెప్పలేదు. ఇంకో క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడి డాక్టర్ ఎక్స్‌రే చూసి ఎముక బాగానే ఉందంది, ఎక్కువ వరసలకి 2.3 వేసింది, మొత్తం 3,150 అయింది. అదే నోరు, అదే పన్ను. కాబట్టి మొదటి కాగితం మీద సంతకం పెట్టకండి, మొహమాటం అసలు వద్దు, ఇక్కడ రెండో అభిప్రాయం అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక బీమా. జీతంలోంచి నెలనెలా అంత కోస్తారు కదా, పన్ను కూడా వాళ్ళే పెట్టిస్తారని మనలో చాలామంది అనుకుంటాం. కాదు. క్రాంకెన్‌కాసె (ఇక్కడి ఆరోగ్య బీమా సంస్థ, క్లుప్తంగా కాసె) ఇచ్చేది "ఫెస్ట్‌త్సుషుస్", అంటే స్థిరమైన సాయం. ఒక పన్ను పోతే వాళ్ళ లెక్కలో మామూలు వైద్యం బ్రిడ్జి, అంటే అటూ ఇటూ ఉన్న పళ్ళ ఆసరాతో మధ్యలో పెట్టే పన్ను. మీరు బ్రిడ్జి వేయించుకున్నా ఇంప్లాంట్ పెట్టించుకున్నా ఆ బ్రిడ్జి ధరలో కొంత శాతమే ఇస్తారు. 2020 అక్టోబర్ నుంచి అది 60 శాతం. వరసగా 5 ఏళ్ళు ఏడాదికోసారి పళ్ళు చూపించుకున్నట్టు ముద్రలుంటే 70, 10 ఏళ్ళుంటే 75. ఆ ముద్రలు వేసే చిన్న పుస్తకం పేరు బోనస్‌హెఫ్ట్. నేను వచ్చిన మూడేళ్ళ దాకా పళ్ళ డాక్టర్ గడప తొక్కలేదు, 2018లో మొదటి ముద్ర. కనుక 60 శాతమే, చేతికొచ్చింది నాలుగు వందల యూరోల చిల్లర. ముద్రలన్నీ ఉన్నా ఇంకో అరవై డెబ్బై వచ్చేదేమో, జీవితం మారిపోయేదేం కాదు, కానీ ఊరికే వచ్చే డబ్బు వదులుకున్నానని ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇంకొకటి, క్లినిక్ పంపే వైద్య ప్రణాళికని కాసె మంజూరు చేశాకే పని మొదలుపెట్టాలి, తరువాత అడిగితే రాదు. ఆ మంజూరు ఆరు నెలలే చెల్లుతుంది. నాది ఎముక మానే టైమ్‌తో కలిపి సరిగ్గా అంచున పడింది, రిసెప్షన్‌లో ఆవిడ గుర్తుపెట్టుకుని పొడిగింపు అడగబట్టి సరిపోయింది. పళ్ళకి విడిగా తీసుకునే బీమా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ పన్ను పోయాకో, డాక్టర్ వైద్యం చెప్పేశాకో తీసుకుంటే సాధారణంగా ఆ పన్నుకి ఇవ్వరు. ఇప్పుడే వచ్చినవాళ్ళు, పళ్ళు బాగున్నవాళ్ళు, వీళ్ళకే అది.

మరి బ్రిడ్జి ఎందుకు వద్దన్నానంటే, దానికి అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళని అరగదీయాలి. అవి రెండూ కనీసం సిమెంట్ కూడా పెట్టించని గట్టి పళ్ళు. మనసొప్పలేదు.

ఇండియాలో ఎందుకు చేయించుకోలేదని అందరూ అడుగుతారు, మా బావమరిదయితే ఇప్పటికీ అడుగుతాడు. హైదరాబాదులో తెలిసినవాళ్ళ ద్వారా అడిగితే క్యాప్‌తో కలిపి 45 వేల రూపాయలన్నారు. నాకు ఇక్కడ సాయం పోను పడింది 2,700 యూరోల పైమాటే, అప్పటి రేటుకి రెండున్నర లక్షలకి దగ్గర. చూస్తే పిచ్చివాడి లెక్కలా ఉంటుంది. కానీ ఇంప్లాంట్ ఒక్క రోజు పని కాదు. ఎముకలో టైటానియం మర బిగిస్తారు, ఎముక దాన్ని పట్టుకోవాలి, కింది దవడలో అయితే మూడు నెలల దాకా, పై దవడలో ఇంకా ఎక్కువ. అప్పుడు చిగురు తెరిచి, కొలతలు తీసి, క్యాప్ బిగిస్తారు. మూడు వారాల సెలవులో ఇదంతా అవదు. రెండుసార్లు వెళ్ళాలి, రెండు టికెట్లు, రెండు సెలవులు, మధ్యలో ఏదైనా వాస్తే ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్ళాలి? జర్మన్లు కూడా చవకని హంగరీకి, పోలండ్‌కి వెళ్తుంటారు, అవి ఈయూలో ఉన్నాయి కనుక ముందుగా మంజూరు చేయించుకుంటే కాసె సాయం అక్కడికీ వస్తుంది. ఇండియాకి రాదు. ఇవన్నీ వేసి చూసుకున్నాక ఉన్న ఊళ్ళోనే అని తేల్చుకున్నాను. ఇంటికి రెండు ట్రామ్ స్టాపుల దూరంలో డాక్టర్ ఉండడం విలువ తరువాత తెలిసింది.

సర్జరీ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మత్తు ఇంజెక్షన్ ముందు "చిన్న చీమ కుట్టినట్టు" అని మనవాళ్ళు అన్నట్టే వీళ్ళూ "క్లైనర్ పీక్స్" అంటారు, రెండు భాషల్లోనూ అది అబద్ధమే. నలభై నిమిషాలు, రెండు కుట్లు. కింది పెదవికి వెళ్ళే నరం ఆ పక్కనే ఉంటుంది కనుక ముందే త్రీడీ ఎక్స్‌రే తీశారు, దాని డబ్బు విడిగా, అంచనాలో ఉందో లేదో అడిగి చూసుకోండి. ఇంటికొచ్చాక అసలు నాటకం. నాకిచ్చిన కాగితంలో పాల పదార్థాలు కొన్ని రోజులు వద్దని ఉంది. అమ్మ ఫోన్‌లో "పెరుగన్నం తినరా, చల్లగా ఉంటుంది" అని. మా ఆవిడ కాగితం వైపు, నేను అమ్మ వైపు. నాలుగు రోజులు గోరువెచ్చటి రాగిజావ తాగాను, అయిదో రోజు కాగితం ఓడిపోయింది. పుక్కిలించడానికి ఇచ్చిన క్లోర్‌హెక్సిడిన్ మందు మాత్రం నాలుక రుచిని చంపేసింది, రెండు వారాలు కాఫీ కషాయంలా, సాంబారు వేడినీళ్ళలా ఉండేది. మానేయగానే రుచి తిరిగొచ్చింది.

ఇప్పుడు నాలుగేళ్ళ వాడకం. నమలడానికి బాగుంది, చక్కిలాలూ మటన్ బొమికలూ అన్నీ అయ్యాయి. కానీ సొంత పన్ను కాదన్న సంగతి నోటికి తెలుస్తూనే ఉంటుంది. సొంత పన్నుకీ ఎముకకీ మధ్య సన్నటి పొర ఉంటుంది, ఎంత గట్టిగా కొరుకుతున్నామో చెప్పేది అదే. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు, మొద్దుగా ఉంటుంది, అన్నంలో రాయి పడితే ఆ వైపు ఆలస్యంగా తెలుస్తుంది. రెండోది, పక్క పన్నుకీ దానికీ మధ్య సందు. తోటకూర, మామిడిపండు పీచు, మాంసం పీచు, భోజనం అయ్యేసరికి అన్నీ అక్కడే. మొదటి రెండేళ్ళు ఊరికే పుక్కిలించి వదిలేసేవాణ్ణి. 2023లో చిగురు ఎర్రబడి రక్తం వచ్చింది. ఎముకకి పాకలేదు, ఇంకా పైపైనే ఉంది, శుభ్రం చేస్తే తగ్గుతుందన్నారు, తగ్గింది. అప్పటినుంచి రోజూ రాత్రి సందుల్లో తోముకునే చిన్న బ్రష్, ఆరు నెలలకోసారి క్లినిక్‌లో పళ్ళు శుభ్రం చేయించడం. దానికి ఒక్కోసారి 110 యూరోలు, మా కాసె ఏడాదికోసారి కొంత తిరిగిస్తుంది. పెట్టించుకునేటప్పుడు ఈ ఖర్చు ఎవరూ చెప్పరు. ఇంప్లాంట్ పుచ్చదు, నిజమే. దాని చుట్టూ ఉన్న చిగురు మాత్రం మనదే కదా.

అన్నిటికంటే గుర్తుండిపోయింది 2024 వేసవి. తెనాలిలో ఉన్నాం, పెళ్ళి భోజనం, మధ్యలో క్యాప్ కదిలింది. ఊడలేదు, నాలుకతో తోస్తే కదులుతోంది. గుంటూరులో డాక్టర్ చూసి, లోపల మర వదులైందండీ, ఇదేం పెద్ద సమస్య కాదు, ఏ కంపెనీది? అన్నాడు. ఏ కంపెనీదో నాకు తెలియదు. కంపెనీని బట్టి దాన్ని తిప్పే స్క్రూడ్రైవర్ మారుతుందట. అప్పుడు గుర్తొచ్చింది, సర్జరీ రోజు నాకో చిన్న పుస్తకం ఇచ్చారు, ఇంప్లాంట్ పాస్, అందులో కంపెనీ, పొడవు, లావు, బ్యాచ్ నంబరు స్టిక్కర్లు. అది స్టుట్‌గార్ట్‌లో సొరుగులో ఉంది. ఇంటి తాళం పక్కింటి కరీంనగర్ కుర్రాడి దగ్గర ఉంటే సరిపోయింది, వాడు వెతికి వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. స్విట్జర్లాండ్ కంపెనీది. ఆ కిట్ విజయవాడలో స్నేహితుడి దగ్గరుందని డాక్టర్ సాయంత్రానికి తెప్పించాడు. పైన పెట్టిన సిమెంట్ తీసి, మర బిగించి, మళ్ళీ మూశాడు, ఇరవై నిమిషాలు, 1,500 రూపాయలు. స్టుట్‌గార్ట్ తిరిగొచ్చి మా డాక్టర్‌కి చూపిస్తే టార్క్, అంటే మర బిగింపు, సరిగ్గా ఉందని మెచ్చుకుంది. ఆ పాస్ ఫోటో ఇప్పుడు నా ఫోన్‌లో, మా ఆవిడ ఫోన్‌లో, మెయిల్‌లో కూడా ఉంది. ఈ సమీక్ష చదివి ఒక్క పని చేసేట్టయితే అలా ఫోటో తీసి పెట్టుకోండి.

మిగతా రిపేర్ల విషయంలో మాత్రం నాకంత పట్టింపు లేదు. 2022లో పైవరస పన్నుకి జిర్కోనియా క్యాప్ హైదరాబాదులోనే వేయించుకున్నాను, 9 వేలు, వారంటీ కార్డు కూడా ఇచ్చారు, బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే దిగిన రెండో రోజే వెళ్ళాను, క్యాప్ పెట్టాక కొరుకు సరిచేయడానికి మళ్ళీ రెండుసార్లు వెళ్ళాల్సొచ్చింది. చివరి వారం పెట్టుకుని ఉంటే ఎత్తుగా ఉన్న క్యాప్‌తోనే విమానం ఎక్కేవాణ్ణి. పిప్పి పన్నుకి సిమెంట్ లాంటి చిన్న పనులు ఇక్కడే చేయించేస్తాను. అప్పట్లో దవడ పళ్ళకి ఊరికే వచ్చేది పాదరసం కలిసిన వెండిరంగు సిమెంటే, తెల్లది కావాలంటే పైన కట్టాల్సి వచ్చేది, నేను 60 యూరోలు కట్టాను. 2025 నుంచి యూరప్‌లో ఆ పాదరసం సిమెంట్ ఆపేశారు కనుక ఇప్పుడు లెక్కలు మారాయి, అడిగి తెలుసుకోండి. అన్నట్టు బిల్లులన్నీ దాచి ఇన్‌కమ్ టాక్స్‌లో పెట్టాను. ఆదాయాన్ని బట్టి ఒక గీత ఉంటుంది, అది దాటినదానికే మినహాయింపు. నాది దాటలేదు. ఇంట్లో ఇద్దరికీ పెద్ద పనులుంటే ఒకే ఏడాదిలో చేయించుకోవడం మేలు.

మొన్న నవంబర్‌లో చెకప్‌కి వెళ్తే ఎడమవైపు దవడ పన్ను మీద సన్నటి గీత కనిపిస్తోందంది డాక్టర్, ఇప్పటికి చూస్తూ ఉందాం అంది. ఇంటికొచ్చి బోనస్‌హెఫ్ట్ తీసి లెక్కపెట్టాను, 2018 నుంచి ఎనిమిది ముద్రలు. పదవది 2027లో పడుతుంది, 75 శాతం రావాలంటే ఆ పన్ను 2028 దాకా ఆగాలి. ఈ ఏడాది అమ్మ టెంక లేకుండా ముక్కలు కోసి పంపింది. మూడో నెలకే మెత్తబడిపోయాయి, అది ఆవకాయ కాదు, మాగాయ అని నాన్న వెక్కిరింత.