కొలరాడోలో విల్లుతో ఎల్క్ వేట: ఫ్లాట్ టాప్స్ నయమా, గ్రాండ్ మేసా నయమా?

ముందే చెప్పేస్తున్నా. కొలరాడోలో పబ్లిక్ ల్యాండ్ మీద, అంటే ప్రభుత్వ భూమి మీద, విల్లుతో ఎల్క్ అనే పెద్ద జింక వేటకి వెళ్లేవాళ్లు ఎల్క్ ఎక్కడుందా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, జనం ఎక్కడిదాకా నడిచి ఆగిపోతారో అది చూసుకోండి. ఎల్క్‌కి కొదవ లేదు. అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ లేనంత మంద అక్కడే ఉంది, రెండున్నర లక్షలకు పైమాటే. కొదవల్లా మనిషి లేని లోయకే.

నేను వెళ్లింది 2024 సెప్టెంబర్‌లో. బయటి రాష్ట్రాల వాళ్లకి అది ఆఖరి అవకాశం. అప్పటిదాకా చాలా యూనిట్లలో (వేట కోసం విడగొట్టిన ప్రాంతాల్లో) విల్లు వేటకి ఓటీసీ (ఓవర్ ది కౌంటర్) ట్యాగ్ ఉండేది. ట్యాగ్ అంటే ఒక జంతువుని వేటాడే అనుమతి, ఓటీసీ అంటే లాటరీ గొడవ లేకుండా డబ్బు కట్టి కౌంటర్లోనో ఆన్‌లైన్లోనో తీసుకోవడమే. 2025 నుంచి ఐ-25 హైవేకి పడమర ఉన్న యూనిట్లలో బయటివాళ్లకి అది తీసేశారు, లాటరీ డ్రాలో పేరు రావాల్సిందే. ఈ కబురు ముందే తెలియడంతో టెక్సాస్, మిన్నెసోటా, విస్కాన్సిన్, ఎక్కడెక్కడి ట్రక్కులన్నీ ఆ సెప్టెంబర్‌లోనే దిగాయి. అందులో మాదీ ఒకటి, కాబట్టి జనం ఎక్కువ అని తిట్టుకునే హక్కు నాకు సగమే ఉంది.

వేట అనగానే మనవాళ్లు ముఖం అదోలా పెడతారు, అర్థం చేసుకోగలను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట అంటే కేసూ కోర్టూనే. ఖమ్మంలో మా నాన్నగారికి ఫోన్లో చెబితే "జైల్లో వెయ్యరు కదరా?" అన్నారు. ఇక్కడ లైసెన్స్ డబ్బుతోనే అడవి జంతువుల సంరక్షణ చాలావరకు నడుస్తుందని చెప్పినా ఆయన ఇప్పటికీ నమ్మరు. విల్లే ఎందుకంటే సెప్టెంబర్ కోసం. అది ఎల్క్ జతకట్టే కాలం, మగవి అరుస్తూ తిరుగుతాయి, వాటి మధ్యలోకి వెళ్లే వీలు విల్లు వాళ్లకి ఎక్కువ. ఇంకో సంగతి, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి తుపాకీ దగ్గర పెట్టుకోవాలంటే ఫెడరల్ చట్టంలో చిక్కులున్నాయి, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు చూపించాలి. విల్లుకి ఆ తలనొప్పి లేదు. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు మాత్రం తప్పదు, 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ప్రతి ఒక్కరినీ అడుగుతారు.

నా తోడు డెన్వర్ పక్కన అరోరాలో ఉండే గుంటూరు తమ్ముడు. కొలరాడో రెసిడెంట్ కాబట్టి అతని ట్యాగ్ 70 డాలర్లు కూడా కాలేదు, నాది అన్నీ కలిపి 800 దాకా లాగింది. ఇది గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

మొదట ఫ్లాట్ టాప్స్, కొలరాడో వాయవ్యంలోని కొండ అడవి. డెన్వర్ నుంచి ఐ-70 మీద రైఫిల్ దాకా, అక్కడి నుంచి 13వ నంబర్ హైవే పట్టుకుని ఉత్తరానికి మీకర్. నాలుగు గంటల దారి. మీకర్ చిన్న ఊరు, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఊరంతా వేటగాళ్ల మీదే నడుస్తుందనిపిస్తుంది. మేము దిగిన మోటెల్ పేరు చెప్పను గానీ, బుక్ చేసేటప్పుడు "మాంసం పెట్టుకోవడానికి ఫ్రీజర్ ఉంది" అని ఫోన్లో చెప్పి, తీరా వెళ్లాక తాళం వేసిన డబ్బా ఒకటి చూపించి నిండిపోయిందన్నారు. గదికి వారాంతం రేటు వారం మధ్యలోనూ వేశారు. మంచాలు మాత్రం శుభ్రం, వేణ్నీళ్లు బాగా వస్తాయి, తెల్లారి మూడింటికి లేచేవాళ్ల కోసం కాఫీ పెట్టి ఉంచుతారు. రాత్రి గడపడానికి చాలు, బేస్ క్యాంప్ అనుకుని వెళ్లొద్దు. ఆ ఊరి నుంచి అడవికి రోజూ వెళ్లి రావడం డీజిల్ దండగ, నిద్ర దండగ.

ట్రాపర్స్ లేక్ మీకర్‌కి తూర్పున 50 మైళ్లు, చివర్లో మట్టిరోడ్డు. ఫోన్ సిగ్నల్ మీకర్ దాటాక కాసేపటికే పోతుంది, శాటిలైట్ మెసెంజర్ లేకుండా వెళ్లకండి. సరస్సు 9,600 అడుగుల ఎత్తున ఉంటుంది. డల్లాస్ నుంచి వెళ్లిన నాకు మొదటిరోజంతా తలపోటే, మెట్టు ఎక్కితే ఆయాసం. సరస్సు పక్కన ఫారెస్ట్ సర్వీస్ క్యాంప్‌గ్రౌండ్లు వరసగా ఉన్నాయి, డబ్బు తీసుకుంటారు, టాయిలెట్ ఉంటుంది. కుటుంబంతో వెళ్లడానికైతే కళ్లు మూసుకుని చెబుతాను, అంత అందమైన చోటు. వేటకి మాత్రం అక్కడ గుడారం వేస్తే మనం లేచే టైముకి పక్కవాడు బూట్లు వేసుకుంటుంటాడు. దూరంగా అడవిలో ఉచితంగా గుడారం వేసుకోవచ్చు. కానీ 2002లో బిగ్ ఫిష్ ఫైర్ అక్కడి అడవిని కాల్చేసింది, పాత లాడ్జి కూడా అందులోనే పోయింది. ఆ మోళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి. గాలి వీచినప్పుడు కిర్రుమంటాయి. వాటి కింద పడుకోవద్దు, చోటు వెతకడానికి ఒక పూట పట్టినా సరే.

విల్డర్నెస్ (చట్టం ప్రకారం యంత్రాలని రానివ్వని రక్షిత అడవి) గీత దాటాక మోటారు బండి, సైకిల్, ఆఖరికి మాంసం లాక్కెళ్లే రెండు చక్రాల బండి కూడా కుదరదు. కాళ్లో, గుర్రాలో. ఈ రూల్ మీద చాలామంది సణుగుతారు. నాకైతే ఉన్న రూల్స్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే. మిగతా రూల్స్ కాగితం మీద జనాన్ని తగ్గిస్తే ఇది నిజంగా తగ్గిస్తుంది.

ట్రెయిల్ మొదట్లో తెల్లవారుజామున ముప్పై దాకా ట్రక్కులు, గుర్రాల ట్రైలర్లు. మొదటి రెండు మైళ్లు హెడ్‌ల్యాంపుల ఊరేగింపు. రెండో ఉదయం కొండ అవతల నుంచి మగ ఎల్క్ అరుపు వినిపించింది. నేను బదులిచ్చాను, అది మళ్లీ పలికింది. గాలి ముఖం మీదికే ఉంది, పౌడర్ బుడ్డి నొక్కి చూస్తే తెల్లటి పొగ మా వెనక్కే పోతోంది. అంతా కుదిరింది అనుకుని గంటసేపు స్ప్రూస్ చెట్ల మధ్య పాకుతూ, ఆగుతూ, పిలుస్తూ వెళ్లాం. నలభై గజాల్లో కొమ్మ విరిగింది. బాణం తగిలించాను. పొద వెనక నుంచి ముఖానికి నల్లరంగు పూసుకున్న పెద్దాయన ఒకాయన, నోట్లో పిలుపు గొట్టం, చేతిలో విల్లు, నన్ను చూసి చతికిలబడ్డాడు. ఇద్దరం ఒకరినొకరం వేటాడుకున్నాం. ఆయన నవ్వి, ఆయన వచ్చిన వైపు ఇంకా నలుగురున్నారని చెప్పి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఎల్క్‌లు పొర్లాడే బురదగుంట ఒకటి దొరికింది. నీళ్లు ఇంకా కలక తేరలేదు, ఆ పచ్చి వాసన ముక్కు బద్దలు కొడుతోంది, గిట్టల ముద్రలు అరచేయంత. వాటిలో ఒకదాని మీద సరిగ్గా అచ్చు పడినట్టు బూటు ముద్ర.

"అన్నా, నువ్వు ఎనిమిది వందలు కట్టావ్, నేను డెబ్బై కూడా కట్టలేదు, ఇద్దరం చూసింది మాత్రం ఒకే మనుషుల్ని" అన్నాడు తమ్ముడు.

నెల మధ్యలో ఇంకో చిత్రం. విల్లు సీజన్ సెప్టెంబర్ 2 నుంచి 30 దాకా అయితే, అందులోనే మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ) వాళ్లకి తొమ్మిది రోజులు ఇస్తారు. 2024లో అది 14 నుంచి 22. వాళ్లు ఆరెంజో పింకో వేసుకోవాలి, విల్లు వాళ్లకి ఆ రూల్ లేదు. ఒకే అడవిలో తుపాకీ పట్టుకున్నవాడు మెరుస్తూ కనిపిస్తాడు, నేను ఆకుల రంగు బట్టల్లో ఎల్క్‌లా అరుస్తూ కూర్చుంటాను. టెన్షన్ ఎవరికో మీరే చెప్పండి. ఆ వారం నేను ఆరెంజ్ టోపీ పెట్టుకున్నాను, కనిపిస్తే ఎల్క్ పోతుంది, కనిపించకపోతే నేను పోతాను. మొదటి తుపాకీ మోతకే అరుపులు ఆగిపోయాయి. విల్లు వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నది దీని గురించే, బయటివాళ్ల ట్యాగ్‌లు కోశారు గానీ దీన్ని ముట్టుకోలేదు.

మధ్యలో గ్రాండ్ మేసాకి మారాం. పైన బల్లపరుపుగా ఉండే కొండ, మూడు వందలకు పైగా సరస్సులు, 65వ నంబర్ హైవే మీదుగా కారులోనే పైకి వెళ్లిపోవచ్చు. అదే దాని గొప్ప, అదే దాని ఖర్మ. రోడ్డు ఉన్న ప్రతిచోటా నాలుగు చక్రాల ఏటీవీలు తెల్లారకముందే మొదలు. కింద సీడరెడ్జ్‌లో పెట్రోలు, కిరాణా, తిండి దొరుకుతాయి, అంతకంటే పెద్ద అవసరమైతే గ్రాండ్ జంక్షన్ ఉండనే ఉంది. కొత్తవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, వంట బాగా చేసుకుని నాలుగు రోజులు హాయిగా గడపాలనుకునేవాళ్లకి గ్రాండ్ మేసానే చెబుతాను. ఎల్క్ కావాలంటే ఫ్లాట్ టాప్స్‌కే నా ఓటు, అదీ విల్డర్నెస్ గీతకి బాగా లోపలికి వెళ్లే దమ్ముంటేనే.

ఔట్‌ఫిట్టర్ల (డబ్బు తీసుకుని వేటగాళ్లకి ఏర్పాట్లు చేసేవాళ్ల) డ్రాప్ క్యాంప్ గురించి కూడా కనుక్కున్నాం. గుర్రాల మీద సామాను, గుడారం, పొయ్యి అన్నీ లోపలికి చేర్చి, చెప్పిన రోజుకి వచ్చి తీసుకెళ్తారు. వేట మనదే. మేము అడిగినచోట మనిషికి మూడు వేల డాలర్లకి అటూ ఇటూ చెప్పారు. ఖరీదే, కానీ మోటెల్ కంటే, ఫ్రీజర్ కబుర్ల కంటే ఆ డబ్బుకి ఏదో ఒకటి చేతికొస్తుంది: మూడో మైలు అవతల తెల్లారడం. ఒక జాగ్రత్త, నేషనల్ ఫారెస్ట్‌లో డబ్బు తీసుకుని ఈ పని చేసేవాళ్లకి పర్మిట్ ఉండాలి. చవగ్గా చేస్తానని ఎవరైనా అంటే ముందు అది చూపించమనండి.

మళ్లీ ఫ్లాట్ టాప్స్‌కి వచ్చేసరికి మజిల్‌లోడర్ వాళ్లు వెళ్లిపోయారు, పనిరోజు, సన్నగా మంచు పడుతోంది. తమ్ముడికి ఆడ ఎల్క్ దొరికింది, ముప్పై గజాల లోపే, ఆ యూనిట్లో ట్యాగ్ ఆడదైనా మగదైనా చెల్లుతుంది. మన కణుజుని చూసినవాళ్లు కూడా దీని సైజు ఊహించలేరు. ఎముక తీసేశాక కూడా నూట యాభై పౌండ్ల దాకా మాంసం, ముక్కలు చేసి వీపు మీద మోసుకు రావాలి. ఆడో మగో తెలిసే గుర్తు మాంసానికి అంటుకునే ఉండాలి, లేకపోతే జరిమానా. అది మరిచిపోయి శుభ్రంగా కోసేసేవాళ్లు ఉన్నారు. కోసి ప్యాక్ చేసే షాపులు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నాయి, ఎల్క్ ఒకటికి నాలుగు వందల డాలర్ల దాకా పెట్టుకోండి. మేం ఇచ్చిన షాపు మాత్రం నూటికి నూరు: ఎవరి మాంసం వాళ్లకే, పేరు రాసి, పొడి ఐస్ పెట్టి ఇచ్చారు. కీమాతో తమ్ముడి ఇంట్లో వేపుడు చేశాం, కొవ్వు తక్కువ కాబట్టి నూనె ధారాళంగా పోయాలి.

ఇప్పుడు రూల్స్ సంగతి. డ్రాకి నేను వ్యతిరేకం కాదు. ఆ ట్రెయిల్ చూసినవాడెవడూ ట్యాగ్‌లు అపరిమితంగా అమ్మాలనడు. నాకు మండేది సగం పని చేసి ఊరుకున్నందుకు. రెసిడెంట్లకి ఓటీసీ అలాగే ఉంచారు. డెన్వర్ నుంచి శుక్రవారం రాత్రి బయల్దేరే వాళ్లు తగ్గరు కదా. బయటివాళ్లు కట్టే డబ్బు పది రెట్లకు పైన, నిర్ణయాల్లో మాట మాత్రం రెసిడెంట్లదే. అదీ న్యాయమే కావచ్చు, జంతువులు ఆ రాష్ట్రానివి, 1842 నుంచి కోర్టులు అదే దారిలో వస్తున్నాయి. కానీ అడవి ఫెడరల్ భూమి, అందరిదీ. ఈ రెండిటి మధ్య నలిగేది డల్లాస్‌లో కూర్చుని డ్రా దరఖాస్తుకి ఆఖరి రోజైన ఏప్రిల్ మొదటి మంగళవారం కోసం క్యాలెండర్‌లో అలారం పెట్టుకునే నాలాంటివాడే. దరఖాస్తు చెయ్యడానికే ముందు వంద డాలర్ల పైచిలుకు పెట్టి చిన్న జంతువుల లైసెన్స్ లాంటిది కొనాలి, డ్రా తగలకపోయినా అది పోయినట్టే.

ఇలా ఒక రాష్ట్రం తలుపు మూస్తే జనం పక్క రాష్ట్రం తలుపు తడతారు. ఐడహోలో బయటివాళ్ల ట్యాగ్‌లకి డిసెంబర్ 1 ఉదయం ఆన్‌లైన్ క్యూ ఉండేది, తత్కాల్ టికెట్ బుక్ చేసినవాళ్లకి ఆ సంబడం అర్థమవుతుంది. చివరికి వాళ్లూ 2026 సీజన్‌కి డ్రా పెట్టారు. న్యూ మెక్సికోలో డ్రా ట్యాగ్‌లలో 84 శాతం రెసిడెంట్లకి, 10 శాతం ఔట్‌ఫిట్టర్‌తో వచ్చేవాళ్లకి, మిగిలిన 6 శాతం నాలాంటి వాళ్లకి. వయోమింగ్‌లో కొంచెం గాలి ఆడింది. ప్రైవేటు, పబ్లిక్ భూములు చదరంగం గళ్లలా ఉండేచోట ఒక పబ్లిక్ గడి మూల నుంచి ఇంకో పబ్లిక్ గడిలోకి అడుగు వేయడం తప్పు కాదని 2025 మార్చిలో 10వ సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది, అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కదిలించడానికి ఒప్పుకోలేదు. మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు నిచ్చెన వేసుకుని మూల దాటిన కేసు అది. ఎన్నో లక్షల ఎకరాల దారి తెరుచుకుంది, జనం పలచబడటానికి నాకు తెలిసి ఏ ట్యాగ్ కోతా ఇంత పని చెయ్యదు.

కాకపోతే వయోమింగ్‌లో విల్డర్నెస్‌లోకి పెద్ద జంతువు వేటకి బయటివాడు ఒంటరిగా వెళ్లకూడదు. లైసెన్స్ ఉన్న గైడ్ ఉండాలి, లేదంటే అక్కడి రెసిడెంట్ ఒకరు ఉచిత పర్మిట్ తీసుకుని తోడు రావచ్చు, డబ్బు మాత్రం తీసుకోకూడదు. షయాన్‌లోనో లారమీలోనో ఉండే తెలుగువాళ్లు, కొండ ఎక్కే ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే పలకండి. డబ్బు ఇవ్వను, గోంగూర పచ్చడి, వంట, గిన్నెలు తోమడం నావి.