ట్రెక్ సంచిలోకి ఏది: ఫ్రీజ్‌డ్రై పులావా, రిటార్ట్ ప్యాకెట్టా?

బెంగళూరు నుంచి హిమాలయాలకు నాలుగైదు రోజుల నడకకు వెళ్లే మనవాళ్లకు ఫ్రీజ్‌డ్రై భోజనమే నయం. వండినదాన్ని గడ్డకట్టించి, వాక్యూమ్‌లో ఆ మంచును నేరుగా ఆవిరి చేసి లాగేస్తారు. అందుకే బఠాణీ, క్యారెట్ల ఆకారం చెడదు, బరువూ బాగా తగ్గుతుంది. రుచి కావాలంటే పులావు, పప్పన్నం లాంటివి ఎంచుకోండి. తినేముందు ప్యాకెట్‌లో మరిగే నీళ్లు పోసి కాసేపు మూసి ఉంచాలి, కానీ పెద్ద పెద్ద మాంసం ముక్కలు ఓ పట్టాన నానవు. పైగా 4,000 మీటర్ల ఎత్తున నీళ్లు దాదాపు 87 డిగ్రీలకే మరుగుతాయి, ప్యాకెట్ మీద రాసినదానికంటే ఇంకాసేపు మూసి ఉంచాలి. కారం మాత్రం మన నాలుకకు చాలదు, కందిపొడి పొట్లం వెంట ఉండాల్సిందే.

రిటార్ట్ ప్యాకెట్ అంటే వండిన కూరను గాలి చొరకుండా మూసి, పాడవకుండా బాగా వేడిచేసిన పొట్లం. ఇందులో కూర తడిగానే ఉంటుంది. రుచి ఇంటివంటకు దగ్గర, ధరా తక్కువ. కానీ ఒక్కోటి సుమారు 300 గ్రాములు! కర్ణాటకలోని కుద్రేముఖ్ కొండ లాంటి ఒక్కరోజు నడకకైతే ఇదే మేలు. నూనె పేరుకున్నా ఫర్వాలేదనుకుంటే చల్లగానే తినేయొచ్చు.