జాగ్రత్త: ఫైబర్ డిష్ ‘అచ్చు కాపీ’ కొనేవాళ్ళు డబ్బు కట్టే ముందు దారం, టేపు పట్టుకెళ్ళండి

పాత సీ-బ్యాండ్ డిష్ (వెనకటి పెద్ద టీవీ డిష్) నుంచి అచ్చు తీసి, ఫైబర్‌తో పోసి, లోపల మెరిసే ఫిల్మ్ అతికించి ఎండతో వంటకి ‘ఆరడుగుల సోలార్ డిష్’ అని అమ్ముతున్నారు. ఇంట్లోనే ఇంకో కాపీ పోసుకోవడానికి రెసిన్ (గట్టిపడే జిగురు ద్రవం), మ్యాట్ (గాజు పోగుల చాప), ఫిల్మ్ కలిపి కిట్ కూడా ఇస్తున్నారు. ఆ రెండూ కొని నష్టపోయినవాళ్ళం రాస్తున్నాం. వచ్చిన డిష్ చూడ్డానికి గుండ్రంగా, నున్నగా, అద్దంలా ఉంది. ఎండకి తిప్పితే గిన్నె అడుగున కూడాల్సిన వెలుగు అడుగున్నర వెడల్పున చెదిరిపోయింది. నీళ్ళు వేడెక్కాయి కానీ మరగలేదు. ఇలాంటి సరుకు కొనాలనుకుంటున్న ప్రతి ఒక్కరూ ఈ కొలతలు తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి. అమ్మేవాళ్ళు కొలవనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి.

డిష్ వంపు తప్పా ఒప్పా అన్నది కంటికి తెలియదు. బంతి నుంచి కోసిన చిప్ప, అసలైన పరావలయం (ఎండని ఒక్క చోటికి చేర్చే వంపు) పక్కపక్కన పెట్టినా ఒకేలా కనిపిస్తాయి. దారం మాత్రం పట్టేస్తుంది. అంచు నుంచి అంచుకి, సరిగ్గా నడిమధ్య మీదుగా పోయేలా దారం బిగించి కట్టండి. దారం నుంచి మధ్య అడుగు వరకు లోతు కొలవండి. 180 సెం.మీ. వెడల్పు డిష్‌కి అది 30 సెం.మీ. వచ్చిందనుకోండి. ఇప్పుడు మధ్యకీ అంచుకీ సగం దూరంలో, అంటే మధ్య నుంచి 45 సెం.మీ. దగ్గర మళ్ళీ కొలవండి. అక్కడ లోతు మధ్య లోతులో ముప్పాతిక ఉండాలి. ఈ లెక్కన 22.5 సెం.మీ. పరావలయం ఏ సైజుదైనా ఈ ముప్పాతిక లెక్క మారదు. బంతి చిప్ప అయితే అక్కడ 23.1 వస్తుంది.

తేడా ఆరు మిల్లీమీటర్లే కదా అని వదిలేయకండి. ఆ బంతి చిప్పకి అంచు దగ్గర వాలు దాదాపు 3 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అద్దం ఒక డిగ్రీ తిరిగితే కిరణం రెండు డిగ్రీలు తిరుగుతుంది. అంచు నుంచి ఫోకస్‌కి (వెలుగంతా కూడాల్సిన చోటికి) ఉన్న 97 సెం.మీ. దూరం పోయేసరికి ఆ కిరణం 10 సెం.మీ. పైనే పక్కకి పడుతుంది. డిష్ వైశాల్యంలో ఎక్కువ భాగం ఉండేది అంచు వైపే. కాబట్టి పోయేది కూడా ఎక్కువ భాగమే.

ఇదే కొలతని కనీసం నాలుగు దిక్కుల్లో తీయండి. ఆ తర్వాత రెండు దారాలు ఒకదానికొకటి అడ్డంగా, కూడిక గుర్తులా కట్టండి. మధ్యలో రెండూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. వాటి మధ్య సందు కనిపించినా, ఒకటి రెండోదాన్ని నొక్కి వంచినా డిష్ మెలిపడిందన్నమాట. కిందిదాన్ని పైకీ పైదాన్ని కిందికీ మార్చి కట్టి ఇంకోసారి చూడండి. అలా చూడకపోతే ఒక వైపు మెలి దొరకదు. గ్రానైట్ బండలు పరిచిన చదునైన నేల దొరికితే డిష్ బోర్లించి అంచు కింద చుట్టూ సందు ఉందేమో చూసినా సరిపోతుంది.

తర్వాత తూకం. 180 వెడల్పు, 30 లోతు డిష్ ఉపరితలం 2.8 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే చాప్డ్ మ్యాట్ మూడు పొరలకి 3.8 కిలోల గాజు పడుతుంది. దానికి రెండున్నర రెట్లు రెసిన్, అంటే 9.5 కిలోలు. జెల్‌కోట్ (ముఖం నున్నగా రావడానికి వేసే రెసిన్ పూత) ఒకటిన్నర కిలో. అంతా కలిపి పక్కటెముకలు (వెనక బిగువుకి అతికించే పట్టీలు), ఇనప రింగు లేకుండానే 14, 15 కిలోలు తూగాలి. ‘మూడు పొరలు’ అని చెప్పి ఇచ్చిన చిప్ప ఏడెనిమిది కిలోలే ఉంటే అది పొరన్నర మాత్రమే. అలాంటిది గాలికే ఊగుతుంది. గోడకి ఆనించి నాలుగు రోజులు ఉంచితే సొట్టపడుతుంది. అలాగని మరీ బరువుంటే మంచిదనీ కాదు. మ్యాట్ తక్కువ వేసి రెసిన్ ఎక్కువ పోస్తే బరువు వస్తుంది, బలం రాదు, పగుళ్ళు వస్తాయి. వెనక వైపు ఒక మూల అసిటోన్ తడిపిన గుడ్డతో రుద్ది చూడండి. వేలికి జిగురు తగిలితే రెసిన్ ఉడకలేదు, అంటే పూర్తిగా గట్టిపడలేదు. అది ఎండలో మెత్తబడి రోజురోజుకీ ఆకారం మారుతుంది.

ఇక అసలు తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పాలి. డిష్‌లో నమ్మదగిన ముఖం ఒక్కటే, లోపలి గుంట వైపు. దాన్ని కాపీ చేయడానికి చాలామంది ఆ గుంటలోనే మైనం రాసి నేరుగా మ్యాట్ పరుస్తారు. ఊడదీసిన చిప్పకి అచ్చు దిగేది వెనక వైపు. వెలుగు పడాల్సిన లోపలి వైపు బ్రష్, రోలర్ ఎలా పోతే అలా తయారవుతుంది. ఒక మ్యాట్ ముక్క మీదికి ఇంకోటి ఎక్కిన ప్రతి చోటా ఒక మిల్లీమీటరు మెట్టు వస్తుంది. ఆ మెట్టు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో సర్దుకుంటే అక్కడ వాలు తప్పు రెండు డిగ్రీల పైమాటే. పుట్టీ పెట్టి, ఇసుక కాగితంతో రుద్ది, పైన ఫిల్మ్ అతికిస్తే అది కొనేవాళ్ళకి కనపడదు. మా చేతికొచ్చిన డిష్ ఫిల్మ్ ఒలిచి చూస్తే కింద ఉన్నది ఇదే.

సరైన పద్ధతిలో రెండు మెట్లున్నాయి. మొదట అసలు డిష్ గుంటలో ఉబ్బెత్తు అచ్చు తీయాలి. తర్వాత ఆ ఉబ్బెత్తు మీద కాపీ పోయాలి. అప్పుడే జెల్‌కోట్ ఉన్న నున్నని ముఖం కాపీకి లోపలి వైపు వస్తుంది. రెసిన్ రెట్టింపు, రోజులు రెట్టింపు అవుతాయి కాబట్టే అమ్మేవాళ్ళు దీన్ని ఎగ్గొడతారు. ‘మీ అచ్చు గుంటదా, ఉబ్బెత్తుదా?’ అని అడగండి. తడబడితే సంగతి అర్థమైనట్టే.

ఇంట్లో పోసుకునేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు. పాత డిష్ రంగుని రెసిన్‌లోని స్టైరీన్ తినేస్తుంది. కొత్త అచ్చుకి మైనం ఐదారు పూతలు, ప్రతి పూతా ఆరాక గుడ్డతో మెరుగుపెట్టి, ఆపైన పీవీఏ (అచ్చుకి అంటుకోకుండా ఆపే, నీళ్ళలో కరిగే ద్రవం) పల్చగా ఒక పొర వేయాలి. వానాకాలంలో పీవీఏ ఆరదు, తేమ పీల్చిన మ్యాట్ రెసిన్‌ని సరిగ్గా ఉడకనివ్వదు, ఆ రోజుల్లో పని పెట్టుకోకండి. అంచు లోపలికి మడిచిన డిష్ అయితే కాపీ ఇరుక్కుని ఊడిరాదు, మడతని ముందే మైనంతో పూడ్చండి. మధ్యలో ఎలాగూ బోల్టు రంధ్రం ఉంటుంది. దాన్ని టేపుతో మూసి ఉంచి, ఊడదీసేటప్పుడు టేపు తీసి అక్కణ్ణుంచి నీళ్ళు పోస్తే పీవీఏ కరిగి చిప్ప వదులుతుంది. థర్మకోల్‌తో అచ్చు చేద్దామనుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, పాలిస్టర్ రెసిన్ తగిలితే అది కరిగిపోతుంది. ముందు ఎపాక్సీ పూత తప్పనిసరి.

రోజుకి రెండు పొరలకి మించి వేయకండి. అన్నీ ఒకేసారి వేస్తే వేడి పుట్టి చిప్ప మెలిపడుతుంది. పాలిస్టర్ రెసిన్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో 5 నుంచి 8 శాతం కుంచించుకుంటుంది. పొడవు, వెడల్పుల్లో గాజు మ్యాట్ దాన్ని చాలావరకు ఆపుతుంది, మందంలో ఆపలేదు. అందుకే తొందరపడి ఊడదీసిన చిప్ప ఇంకాస్త లోపలికి ముడుచుకుంటుంది. దీనికి మందు ఒక్కటే. చివరి పొర ఉడికాక, చిప్ప ఇంకా అచ్చు మీద ఉండగానే వెనక పక్కటెముకలు, అంచు రింగు అతికించాలి, ఆ తర్వాత రెండు మూడు రోజులు కదపకూడదు. పచ్చి పొర మీద ఎముకలు అతికిస్తే వాటి గీతలు ముందు వైపుకి తేలతాయి. ఊడదీశాక ఎముకలు అతికిస్తే వంకర చిప్పని వంకరగానే బిగించినట్టవుతుంది. కాపీ మీద మళ్ళీ అచ్చు తీసి పోసే కాపీలో ఈ తప్పులన్నీ కలిసి పెరుగుతాయి.

కిట్ల విషయంలో ఒక ప్రమాదం ఉంది, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రెసిన్‌ని గట్టిపరిచే ఎంఈకేపీ హార్డనర్, ఆ పనిని వేగవంతం చేసే కోబాల్ట్, ఈ రెండు సీసాలూ లేబుల్ లేకుండా ఒకే డబ్బాలో పెట్టి పంపారు. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుతుంది. కోబాల్ట్‌ని ముందు రెసిన్‌లో బాగా కలిపేయాలి, ఆ తర్వాతే హార్డనర్ వేయాలి. కొన్ని రెసిన్లలో కోబాల్ట్ ముందే కలిపి ఉంటుంది, కొట్లో అడిగి తెలుసుకోండి. హార్డనర్ కిలో రెసిన్‌కి 10 నుంచి 15 మిల్లీలీటర్లు సరిపోతుంది. మన ఎండాకాలంలో 10 చాలు, అదీ పొద్దున్నే, కిలో చొప్పున మాత్రమే కలుపుకోండి. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్ళకి రక్షణ అద్దాలు లేకుండా మూత తీయొద్దు. పడితే పావుగంట ఆపకుండా నీళ్ళతో కడిగి వెంటనే ఆస్పత్రికి పోవాలి.

అసలు డిష్ నమ్మకంగా లేకపోతే దాన్ని కాపీ చేయడం దండగ. జాలీ రెక్కల డిష్‌లు మరీనూ. 12 రెక్కలున్న ఆరడుగుల డిష్‌లో ఎముకలు సరైన వంపులోనే ఉన్నా, అంచు దగ్గర రెండు ఎముకల మధ్య జాలీ తిన్నగా పోతుంది కాబట్టి అసలు వంపుకి 2 సెం.మీ. తేడా వస్తుంది. టీవీ సిగ్నల్‌కి అది సర్దుకుంటుంది, ఎండకి సర్దుకోదు. దానికంటే ప్లైవుడ్ టెంప్లేట్ కోసి, మధ్యలో నిలబెట్టిన పైపు చుట్టూ తిప్పుతూ సిమెంటు గచ్చుని గీసి అచ్చు చేసుకోవడం మేలు. పై కొలతల డిష్‌కి లెక్క సులువు. మధ్య నుంచి దూరాన్ని దానితోనే హెచ్చించి 270తో భాగిస్తే ఆ చోట అడుగు నుంచి ఎత్తు వస్తుంది. 15 దగ్గర 0.8, 30 దగ్గర 3.3, 45 దగ్గర 7.5, 60 దగ్గర 13.3, 75 దగ్గర 20.8, అంచున 30 సెంటీమీటర్లు. ఇంటి మీదున్న రెండడుగుల డీటీహెచ్ డిష్‌కి ఈ లెక్క పనిచేయదు. అది పెద్ద పరావలయంలో ఒక పక్క నుంచి కోసిన ముక్క, దాని ఫోకస్ మధ్యకి ఎదురుగా ఉండదు.

అమ్మేటప్పుడు చెప్పే అంకెలు కూడా చూసుకోండి. ఆరడుగుల డిష్ మీద పడే ఎండే, మిట్టమధ్యాహ్నం ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు, రెండున్నర కిలోవాట్లు దాటదు. ఫిల్మ్ దగ్గర కొంత, గిన్నె దగ్గర కొంత పోతుంది. ‘ఐదు కిలోవాట్ల డిష్’ అన్నది జరగని పని. ‘తిరుమలలో ఉన్న రకమే’ అంటే అసలు నమ్మకండి. 2002లో అక్కడ వంటకి పెట్టిన 106 డిష్‌లు షెఫ్లర్ రకం. ఆ రకంలో వంపుని కాలాన్ని బట్టి సర్దుతారు. గట్టి ఫైబర్ అచ్చుతో వచ్చే ఆకారం కాదది.

టీవీ డిష్ కాపీకి ఇంకో చిక్కుంది. వెడల్పుని వెడల్పుతో హెచ్చించి, లోతుకి 16 రెట్లతో భాగిస్తే ఫోకస్ దూరం వస్తుంది. మన డిష్‌కి అది 67.5 సెం.మీ. అంటే అంచుకంటే 37 సెంటీమీటర్లు బయట, వంట చేసేవాళ్ళ మొహం, చేతులు ఉండే చోట. వంటకే కొనేవాళ్ళు ఫోకస్ అంచు లోపల ఉండే లోతైన డిష్ తీసుకోండి. 180 వెడల్పుకి కనీసం 45 లోతు కావాలి. వాడనప్పుడు గోనెపట్టా కప్పి ఉంచండి, లేకపోతే దారిన పోయే ఎండ పక్కింటి తడికకి నిప్పు పెడుతుంది.

కొన్నాక పరీక్ష ఎండలో కాకుండా పున్నమి రాత్రి చేయండి. చంద్రబింబం కూడా ఆకాశంలో దాదాపు సూర్యుడంతే కనిపిస్తుంది, కంటికి ప్రమాదం లేదు. ఫోకస్ దగ్గర తెల్ల కాగితం పట్టుకుంటే వెలుగు ఐదారు సెంటీమీటర్ల లోపు కూడాలి. అడుగు వెడల్పున పరుచుకుంటే ఆ డిష్ వంటకి పనికిరాదు.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్ళు దాన్ని పారేయకండి. ఫిల్మ్ ఒలిచేసి, గుంటలో అల్యూమినియం జాలీ అతికించి సీ-బ్యాండ్‌కి వాడుకోవచ్చు. 4 గిగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు 7.5 సెం.మీ. కాబట్టి ఉపరితలం సగటున 3 మిల్లీమీటర్లు తప్పినా సిగ్నల్‌లో ముప్పాతిక పైనే దక్కుతుంది. అదే డిష్‌ని 12 గిగాహెర్ట్జ్ డీటీహెచ్‌కి పెడితే పదో వంతు మిగులుతుంది, ఆ ప్రయత్నం చేయొద్దు. ఫీడ్ (ఫోకస్ దగ్గర సిగ్నల్ అందుకునే భాగం) బిగించేటప్పుడు అమ్మినవాళ్ళు చెప్పిన ఫోకస్ దూరాన్ని పక్కనపెట్టి, మీ చేతిలో ఉన్న డిష్ లోతు మళ్ళీ కొలిచి లెక్క కట్టుకోండి.