సిక్స్ ట్వంటీఫైవ్ బిళ్ళ: రాయగడ, పర్లాకిమిడి వైపు వాడేవాళ్ళ కోసం సమీక్ష

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకున్న ఒడిశా ఊళ్ళు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మందుల షాపుల్లో అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన ఈ యాంటీబయాటిక్ బిళ్ళను పేరు పెట్టి అడిగేవాళ్ళు తక్కువ. "సిక్స్ ట్వంటీఫైవ్ నాలుగు ఇవ్వు బాబూ" అంటే చాలు, ఏదో ఒక కంపెనీది కత్తిరించి చేతిలో పెడతారు. పంటి వాపుకీ అదే, చెవి పోటుకీ అదే, కాల్లో ముల్లు దిగి చీము పట్టినా అదే, చివరికి ఒళ్ళు వెచ్చబడినా అదే. మందు మంచిదే, సందేహం లేదు. కానీ 625లో 500 గురించే అందరూ మాట్లాడతారు, మిగతా 125 ఊసెత్తరు. ఈ మందు గొప్పతనమూ, దీనితో వచ్చే ఇబ్బందుల్లో చాలా భాగమూ ఆ 125లోనే ఉన్నాయి.

500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్, అంటే పెన్సిలిన్ కుటుంబం. బ్యాక్టీరియాను తన చుట్టూ గోడ కట్టుకోనివ్వకుండా చంపుతుంది. కొన్ని బ్యాక్టీరియాలు బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును వదిలి ఈ మందునే విరగ్గొట్టేస్తాయి. మిగతా 125 క్లావులానిక్ ఆమ్లం. అది ఆ ఎంజైముకు అతుక్కుపోయి దాన్ని పనికిరాకుండా చేస్తుంది. క్రిముల్ని తనంతట తాను చంపే బలం దానికి దాదాపు లేదు. ఈ జోడీ 1981లో బ్రిటన్లో ఆగ్మెంటిన్ పేరుతో మొదట అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు మన దగ్గర క్లావమ్, మాక్సికైండ్ సీవీ, అడ్వెంట్, మెగా సీవీ అంటూ చాలా పేర్లతో దొరుకుతోంది.

సరిహద్దులో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చీటీ శ్రీకాకుళంలోనో విశాఖలోనో రాయిస్తారు, మందు రాయగడలో కొంటారు. రాసిన కంపెనీ దొరక్కపోతే ఇంకోటి ఇస్తారు. అందులో తప్పులేదు, చూడాల్సింది అంకెలు. 375 అంటే 250, 125. 625 అంటే 500, 125. వెయ్యి అంటే 875, 125. మూడింటిలోనూ క్లావులానిక్ ఆమ్లం ఒక్కటే, మారేది అమాక్సిసిలినే. "625 అయిపోయింది, 375వి రెండు వేసుకో" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అమాక్సిసిలిన్ 500 సరిపోతుంది గానీ క్లావులానిక్ 250 అవుతుంది. అది పెరిగితే విరేచనాలు పట్టుకుంటాయి. వెయ్యి బిళ్ళ దొరకలేదని 625వి రెండు కలిపి మింగినా జరిగేది ఇదే. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకు వెయ్యి బిళ్ళ పనికిరాదు, 625 అయినా డాక్టరు వ్యవధి మార్చి ఇవ్వాలి.

రెండో చిక్కు తేమ. క్లావులానిక్ ఆమ్లం చెమ్మ తగిలితే త్వరగా చెడిపోతుంది, అందుకే ఈ బిళ్ళలు రెండు వైపులా మందపాటి అల్యూమినియం రేకులో వస్తాయి. నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇస్తే పరవాలేదు, ప్రతి గది విడిగా మూసే ఉంటుంది. కాకపోతే ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచ్ నంబరు అవతలి ముక్క మీదే ఉండిపోతాయి. కత్తిరించే ముందే అడిగి ఫోనులో ఒక ఫోటో తీసుకోండి. బిళ్ళలు రేకులోంచి ఒలిచి, ఒడియాలో "సకాళ, రాతి" అని రాసిన కాగితం కవరులో పోసి ఇచ్చే అలవాటు మాత్రం ఈ మందుకు అస్సలు కుదరదు. శ్రావణ భాద్రపదాల్లో కొండ ఊళ్ళో గోడలే చెమ్మగిల్లుతుంటే కాగితం కవరు ఏం ఆపుతుంది? తెల్లగానో లేత మీగడ రంగులోనో ఉండాల్సిన బిళ్ళ మీద పసుపు, గోధుమ మచ్చలు వచ్చినా, పైపూత ఉబ్బినా వేసుకోకండి. వేసుకునే వేళకే రేకు చించాలి.

వేసుకోవాల్సింది భోజనం మొదలుపెట్టేటప్పుడు. పరగడుపున కాదు, తిన్న రెండు గంటలకూ కాదు. అన్నం మొదటి ముద్దలతోనో, పొద్దున చోడి అంబలితోనో వేసుకుంటే క్లావులానిక్ ఒంటికి బాగా పడుతుంది, కడుపులో తిప్పడమూ తగ్గుతుంది. పాలు, పెరుగు మానక్కర్లేదు, ఈ మందుకు వాటితో పేచీ లేదు. పూటల లెక్క డాక్టరుదే. రోజుకు రెండు అంటే పన్నెండు గంటలకొకటి, మూడు అంటే ఎనిమిది గంటలకొకటి. పొద్దున ఏడుకి, మధ్యాహ్నం ఒంటిగంటకి వేసి రాత్రంతా ఖాళీ వదిలితే మందు తగ్గిన ఆ వేళలో క్రిములు కోలుకుంటాయి. ఒక పూట మరిస్తే గుర్తొచ్చినప్పుడు వేసుకోవడం, తర్వాతి పూట దగ్గర పడితే వదిలేయడం, అంతే. రెండు కలిపి వేయొద్దు.

దేనికి పనిచేస్తుంది? సైనసు, చెవిలో చీము, పంటి చీముగడ్డ, కొన్ని రకాల న్యుమోనియా, చర్మం మీద పుండ్లు, కుక్క కాటు. కుక్క కరిస్తే గాయానికి డాక్టర్లు ముందుగా ఎంచుకునే మందు ఇదే. అయితే ఇది గాయంలోని బ్యాక్టీరియాకే. రేబిస్ టీకా వేరు, అది మానడానికి వీల్లేదు, గాయాన్ని సబ్బూ నీళ్ళతో పావుగంట కడగడమూ మానకూడదు.

జలుబు, డెంగీ, చికున్‌గున్యాల మీద దీని ప్రభావం సున్నా. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి అడవి ఊళ్ళలో జ్వరం అంటే ముందు మలేరియా పరీక్షే. ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటుంది, వేలిమీద ఒక చుక్క రక్తంతో తేలిపోతుంది. ఒడిశాలో తరచూ కనబడే స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) కూడా ఈ బిళ్ళకు లొంగదు, దానికి డాక్సీసైక్లిన్ వాడతారు. దాని గుర్తులైన నల్లటి పెచ్చు కట్టిన చిన్న మచ్చ ఒంటి మీద, వదలని జ్వరం ఉండి కూడా సిక్స్ ట్వంటీఫైవ్ మింగుతూ కూర్చుంటే పోయేది విలువైన కాలం. సరైన జబ్బుకే ఇచ్చినా రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే ఇంకో స్ట్రిప్పు కొనకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

పిల్లల పొడి సీసా గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ తప్పులు జరిగేది దాంతోనే. ముందు సీసాను తట్టి పొడి వదులు చేయండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్ళు (పెట్టెలోనే నీళ్ళ గొట్టం వస్తే అవే) గీతకు కాస్త కిందివరకు పోసి గట్టిగా కుదపండి. నురగ దిగాక గీత దాకా నింపి మళ్ళీ కుదపండి. ఒకేసారి గీత దాకా పోస్తే నురగను చూసి మోసపోతాం, మందు చిక్కగానో పల్చగానో అవుతుంది. ప్రతిసారీ కుదిపే పోయాలి. ఫ్రిజ్‌లో తలుపు అరలో కాకుండా లోపల పెట్టాలి, డీప్ ఫ్రీజర్లో పెట్టకూడదు. కలిపిన ఏడు రోజులకు మిగిలింది పారబోయాల్సిందే. 30 మిల్లీలీటర్ల సీసా, పూటకు 5 చొప్పున రోజుకు రెండుసార్లు పోస్తే మూడు రోజులకే ఖాళీ. డాక్టరు ఐదు రోజులు రాస్తే రెండు సీసాలు కొని, రెండోది మొదటిది అయ్యాకే కలపండి.

సీసా మీద 228.5 ఉందా, 457 ఉందా అన్నది తప్పక చూసుకోవాలి. 5 మిల్లీలీటర్లలో మొదటిదానిలో అమాక్సిసిలిన్ 200, రెండోదానిలో 400. చీటీలో ఒకటి రాస్తే షాపులో రెండోది ఇచ్చి, అదే కొలత పోస్తే డోసు రెట్టింపు. కొలతకు గీతలున్న మూత గానీ సిరంజి గానీ వాడండి, వంటింటి చెంచా కాదు. ఫ్రిజ్ లేని ఇళ్ళవాళ్ళు, కరెంటు పూటల తరబడి ఉండని ఊళ్ళవాళ్ళు నీళ్ళలో కరిగే 228.5 పిల్లల బిళ్ళ రాయమని డాక్టరును అడగడం మేలు. కుండ పక్కన పెట్టిన సీసాకు ఫ్రిజ్ చల్లదనం రాదు.

విరేచనాలు మామూలే, ఓఆర్ఎస్ తాగుతూ మందు కొనసాగించవచ్చు. రక్తం పడితే, జ్వరంతో కలిసి వస్తే ఆపి వెంటనే చూపించుకోవాలి. ఒంటిమీద దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంకో బిళ్ళ వేయొద్దు, 108కి ఫోన్ చేయండి. పెన్సిలిన్ పడదని ఒకసారి తేలినవాళ్ళకు ఏ కంపెనీ పేరుతోనూ ఇది ఇవ్వకూడదు. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది), మెథోట్రెక్సేట్ (కీళ్ళవాతం వంటివాటికి ఇచ్చేది), అల్లోప్యూరినాల్ (యూరిక్ ఆమ్లం తగ్గించేది) వాడేవాళ్ళు చీటీ రాసేటప్పుడే చెప్పాలి. పంటి డాక్టర్లు దీనితో పాటు తరచూ మెట్రోనిడజోల్ కూడా రాస్తారు. అది ఉంటే కల్లు, సారా బంద్.

అంతగా తెలియని ప్రమాదం కాలేయానిది. ఇక్కడా దోషి ఎక్కువగా ఆ 125 క్లావులానిక్ ఆమ్లమే. కళ్ళు పచ్చబడడం, ముదురు రంగు మూత్రం, దురద, బిళ్ళ మానేశాక కొన్ని వారాలకు కూడా రావచ్చు. అరుదే, కానీ పెద్ద వయసువాళ్ళలో, మగవాళ్ళలో ఎక్కువ. అప్పుడు పసరు మందు వెతుక్కోకుండా "గత నెలలో సిక్స్ ట్వంటీఫైవ్ వాడాం" అని డాక్టరుతో చెప్పడం అవసరం. ఒకసారి అలా వచ్చినవాళ్ళు మళ్ళీ ఈ జోడీ ముట్టకూడదు. అమాక్సిసిలిన్ ఒక్కటే ఇవ్వొచ్చా అన్నది డాక్టరు తేలుస్తారు.

ధర కంపెనీని బట్టి మారుతుంది, అంకెలు మాత్రం ఒకటే. ప్రభుత్వ ఆసుపత్రిలో రాయించుకుంటే ముందు నిరామయ (ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం) కౌంటర్లో దొరుకుతుందేమో అడగండి. జన ఔషధి దుకాణం దగ్గరుంటే అక్కడి 625 తీసుకున్నా సరిపోతుంది. ఖరీదైనదైతే బలంగా పనిచేస్తుందన్నది నిజం కాదు. ఆగ్మెంటిన్ వంటి పెద్ద బ్రాండ్ల మీద 2023 నుంచి క్యూఆర్ కోడ్ ఉంటోంది. ఫోనుతో స్కాన్ చేస్తే వచ్చే బ్యాచ్ నంబరు, తేదీలు స్ట్రిప్పు మీదివాటితో కలవాలి. స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉన్న మందు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సినది కాబట్టి చీటీ చూపించి, బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయించుకుని కొనండి.